సంతకం పెడితే నేల పోతుంది, పెట్టకపోతే తమ్ముడు పోతాడు

మలేసియాలోని దిగువ పేరాక్‌కు చెందిన ఒక పాఠకురాలు రాశారు. టీచరుగా రిటైరయ్యారు, ఇప్పుడు ఇపో నగరంలో ఉంటున్నారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

వీళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి కూలీగా వెళ్లి కొబ్బరి ఎస్టేటులో పనిచేశారు. నాన్నగారు కూడబెట్టిన డబ్బుతో పది ఎకరాలు కొన్నారు. అది అక్కడివాళ్లు గంబుట్ అనే పీట్ నేల. ఎప్పుడో నిలవనీటిలో పడిన చెట్లు, ఆకులు, వేళ్లు పూర్తిగా కుళ్లక పేరుకుపోయి ఏర్పడిన నల్లటి మెత్తని నేల. చౌకగా వచ్చిందని కొన్నారట. మురుగు కాలువలు తవ్వి పామాయిల్ వేశారు. 1991లో తోటలోనే బకావ్ అనే మడచెట్ల కర్రలు అడుగు బంకమట్టి దాకా దించి, వాటి మీద ఇల్లు కట్టారు. అప్పుడు గుమ్మానికి రెండు మెట్లు. ఇప్పుడు ఎనిమిది. "ఇల్లు పైకి లేస్తోందని చిన్నప్పుడు తమ్ముడు నమ్మేవాడు. నేలే కిందికి పోతోందని నాన్నకు తెలుసు, కానీ ఆ మాట ఎప్పుడూ అనలేదు" అని రాశారు.

ఇప్పుడున్న చెట్లు 1999లో వేసినవి. ఎత్తు పెరిగిపోయి గెలలు కోయడం కష్టమైంది. మూడో వంతు చెట్లు ఒరిగిపోయాయి, కొన్నింటి వేళ్లు మోకాలెత్తున బయటపడ్డాయి. ఒకప్పుడు పెద్ద వాన పడితే మర్నాటికల్లా తోటలో నీరు లాగేసేది. పోయిన వానాకాలం ఆరు రోజులు నిలిచిపోయింది. తమ్ముడు అమ్మతో కలిసి ఆ ఇంట్లోనే ఉంటాడు, తోట చూసేది అతనే. చెట్లన్నీ కొట్టేసి, ఎక్స్‌కవేటర్ పెట్టి కాలువలన్నీ మనిషి లోతు తవ్వించి, అప్పు తెచ్చి మళ్లీ పామాయిల్ వేద్దామంటాడు. భూమి ఇంకా ఉమ్మడిగానే ఉంది కాబట్టి ఈమె సంతకం కావాలి. ఈమె కొడుకు కౌలాలంపూర్లో ఉద్యోగం చేస్తున్నాడు. పీట్ నేలను ఆరబెట్టడం పాపం, కాలువలు పూడ్చేసి అడవికి వదిలేయమంటాడు. పక్క తోట ఆసామి కొంటానంటున్నాడు. అమ్మే ప్రసక్తి లేదని అమ్మగారు. ఈమె కాలువల మాట ఎత్తితే తమ్ముడు, "నువ్వు ఇపోలో కూర్చుని చదివింది చెప్తావు, బురదలో దిగేది నేను" అన్నాడట. మూడు నెలలుగా మాటల్లేవు.

"సంతకం పెడితే నేల పోతుంది, పెట్టకపోతే తమ్ముడు పోతాడు. ఏం చేయమంటారు?" ఇదీ ఆవిడ ప్రశ్న.

*

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కదిలించినవి ఆ మెట్లు. ఇంగ్లండులో హోమ్ ఫెన్ అని ఒక పీట్ ప్రాంతం ఉంది. అక్కడి చెరువు నీరు తోడేసి సాగులోకి తెచ్చినప్పుడు, నేల కుంగుతుందని ఊహించి ఒక ఇనుప స్తంభాన్ని అడుగు బంకమట్టి దాకా దించారు. 1851లో ఆ స్తంభం తల నేలకు సమంగా ఉండేది. ఇప్పుడది నేల మీద సుమారు 4 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. స్తంభం కదల్లేదు, నేలే దిగిపోయింది. మీ నాన్నగారు కట్టిన ఇల్లు కూడా అలాంటి స్తంభమే. బకావ్ కర్రలు బంకమట్టిలో పాతుకుని ఉన్నాయి కాబట్టి ఇల్లు ఉన్నచోటే ఉంది. మెట్టు 18 సెంటీమీటర్లు అనుకున్నా, ఆరు మెట్లంటే మీటరు దాటింది. ఏడాదికి 3 సెంటీమీటర్ల పైచిలుకు. నీరు తీసిన ఉష్ణమండల పీట్ నేలలు, తొలినాళ్ల పెద్ద కుంగుబాటు అయిపోయాక, ఏటా 3 నుంచి 5 సెంటీమీటర్లు దిగుతాయని కొలతలు చెబుతున్నాయి. మీ మెట్ల లెక్క దానికి సరిగ్గా సరిపోయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో ముందు చెప్పాలి. మీ ఇంట్లో గొడవకు మూలం అందులోనే ఉంది. ఇక్కడ గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టిన మాకు నేలంటే వరద వచ్చినప్పుడల్లా ఒండ్రు పడి పెరిగేది. పీట్ అలాంటిది కాదు. మామూలు మట్టిలో రాయి, ఇసుక, బంక ఉంటాయి. మీ నేలలో దాదాపు అంతా చెట్ల అవశేషమే. సహజంగా ఉన్నప్పుడు అందులో నూటికి తొంభై పాళ్లు నీరే. ఆ నీరే దాన్ని గాలి తగలకుండా వేల ఏళ్లు కాపాడింది. కాలువ తవ్వి నీరు తీయగానే రెండు పనులు మొదలవుతాయి. నీటి దన్ను పోయి నేల అణిగిపోతుంది. తొలి నాలుగైదేళ్లలో ఒక మీటరుకు పైగా దిగిపోయేది ఇందుకే. ఆ తరువాత గాలి తగిలిన మేరకు నేల కుళ్లడం మొదలై, బొగ్గుపులుసు వాయువుగా మారి ఎగిరిపోతుంది. ఇది ఆగదు. నీటిమట్టం పైన ఎంత నేల పొడిగా ఉంటే అంత కుళ్లుతుంది.

ఇప్పుడు తమ్ముడి వాదన చూద్దాం. తోటలో నీరు నిలుస్తోంది, కాబట్టి కాలువ లోతు చేయాలి. వినడానికి సబబుగానే ఉంది. నిజానికి ఒకటి రెండేళ్లు ఫలితం కూడా కనిపిస్తుంది, అతనిదే రైటనిపిస్తుంది. కానీ మీ కాలువ పూడిపోయి నీరు నిలవడం లేదు. నేల దిగిపోయి, మీ కాలువలు కలిసే నది పోటు మట్టానికి దగ్గరైంది కాబట్టి నిలుస్తోంది. కాలువను మనిషి లోతు చేస్తే, ఇంకా ఎక్కువ నేలకు గాలి తగిలి మరింత వేగంగా దిగుతుంది. ఏడెనిమిదేళ్లకు మళ్లీ అదే ముంపు, ఈసారి ఇంకా లోతుగా. అప్పుడు మళ్లీ తవ్వాలి. తవ్వుతున్న కొద్దీ కాలువ అడుగు నది కంటే కిందికి పోతుంది. నది కంటే పల్లంలో ఉన్న కాలువ నీటిని బయటికి పంపదు. పోటు సమయంలో తూము సరిగా మూయకపోతే నదినే లోపలికి తెస్తుంది.

మీ తమ్ముడిది మూర్ఖత్వం అని మాత్రం అనుకోకండి. నీరు నిలిచిన చోట పామాయిల్ వేళ్లు ఊపిరాడక చస్తాయి, గెల బరువు పడిపోతుంది. ఇది రోజూ కళ్లతో చూసేది అతను. ఇక్కడ ఏలూరు దగ్గర పెదవేగి వైపు పామాయిల్ రైతులు బోరు నీళ్లు డ్రిప్పుతో పెట్టి చెట్లను బతికించుకుంటారు. వాళ్లకు నీరు లేక కష్టం, మీ తమ్ముడికి నీరు పోక కష్టం. చెట్టు అదే అయినా బాధ తలకిందులు. అతనికి నీరంటే శత్రువులా కనిపించడంలో తప్పు లేదు. అయితే అది అతని నేలను నిలబెట్టేది కూడా. రెంటికీ మధ్య ఒక మట్టం ఉంది. పీట్ మీద పామాయిల్ పండించే వాళ్లకు ఇచ్చే సలహా, కాలువలో నీరు గట్టు నుంచి సుమారు 40 నుంచి 60 సెంటీమీటర్ల కింద ఉండేలా చూడమని. ఇండోనేసియా 2016లో తెచ్చిన నిబంధన ఇంకా గట్టిది, పీట్ నేలలో నీటిమట్టం 40 సెంటీమీటర్ల కిందికి పోకూడదు. చెట్టుకు తిండి పెట్టే వేళ్లలో ఎక్కువ భాగం పైపొరలోనే ఉంటాయి కాబట్టి ఆ మట్టంలో చెట్టు బతుకుతుంది, కాపు కూడా ఇస్తుంది. మనిషి లోతు కాలువ చెట్టుకు అవసరం లేదు.

మీ ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటున్నారు. పామాయిలా, అడవా, అమ్మకమా, ఉంచుకోవడమా అని. ఇవన్నీ రెండో ప్రశ్నలు. మొదటి ప్రశ్న, ఈ నేలకు ఇంకా ఎన్నేళ్లుంది? పంపు లేకుండా, పోటు తగ్గి నది వెనక్కి తీసే పాటు సమయంలో తూము తెరిస్తే నీరు దానంతటది బయటికి పోయే స్థితి ఇంకా ఎంతకాలం ఉంటుంది? పామాయిల్ వేస్తే పాతికేళ్ల ఒప్పందం. ఏటా 4 సెంటీమీటర్ల చొప్పున పాతికేళ్లకు మీటరు దిగుతుంది. మీ నేల ఇప్పుడు నది పోటు మట్టం కంటే రెండు మీటర్లు పైన ఉంటే ఒక కథ, అరమీటరే ఉంటే పూర్తిగా వేరే కథ. మీ ఉత్తరంలో అందరి అభిప్రాయాలూ ఉన్నాయి, ఈ ఒక్క అంకె లేదు. అది తెలియకుండా మీరు సంతకం పెట్టినా, పెట్టకపోయినా చీకట్లో చేసే పనే.

దీన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు. పామాయిల్ సాగుకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఆర్‌ఎస్‌పీవో సర్టిఫికేట్ ఉన్న పెద్ద తోటలు పీట్ మీద తిరిగి నాటే ముందు ఇలాంటి మురుగు లెక్క తప్పకుండా వేయాలి. నేల దిగిపోయి నీరు పోని స్థితి దగ్గర పడుతోందని లెక్క తేలితే పామాయిల్‌ను క్రమంగా తీసేయాలి. 2018 నవంబరు 15 తరువాత పీట్ మీద కొత్తగా తోట వేయడాన్నే ఆ ప్రమాణం ఒప్పుకోదు. మీది పాత తోట కాబట్టి ఆ నిషేధం వేరు. కానీ వేల ఎకరాలున్న కంపెనీ కూడా లెక్క చూడకుండా అడుగు వేయలేని చోట, పదెకరాలున్న కుటుంబం అప్పు తెచ్చి కళ్లు మూసుకుని దిగడం నాకు భయంగా ఉంది.

కొలవడం ఎలా? నాలుగు కొలతలు చాలు. పీట్ ఇంకా ఎంత లోతుందో తోటలో పదిచోట్ల చూడాలి. దానికి ఆగర్ అనే మట్టి తొలిచే పరికరం ఉంటుంది, లేదంటే ఇనుప కడ్డీలు ఒకదానికొకటి బిగించి దించితే బంకమట్టి తగలగానే చేతికి తెలుస్తుంది.  రెండోది, ఒక ఇనుప పైపును బంకమట్టి దాకా దించి నేల మట్టం దగ్గర రంగుతో గీత పెట్టడం. ఇకమీదట కుంగుడు ఎంతో అది చెబుతుంది. మూడోది, తోట మధ్యలో చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు పాతి, వారానికోసారి లోపలి నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం. నాలుగోదే అసలైంది. నది తూము దగ్గర పోటు మట్టం, మీ తోట మట్టం, రెంటికీ తేడా. దీనికి సర్వేయరు కావాలి. ఒక రోజు పని. ఖర్చు మీరు పెట్టుకోండి. ఎందుకో తరువాత చెబుతాను.

మలేసియా పామాయిల్ బోర్డు పరిశోధనా కేంద్రం మీకు దగ్గర్లో తెలుక్ ఇంతాన్‌లోనే ఉంది. చిన్న రైతులకు సలహాలివ్వడానికి ఆ బోర్డుకు 'తునాస్' అధికారులున్నారు. తూములు, పెద్ద కాలువల సంగతి అక్కడి ప్రభుత్వ నీటిపారుదల, మురుగు కాలువల శాఖ జేపీఎస్ చూస్తుంది. కొలతల కాగితం పట్టుకుని ఈ రెండు చోట్లకూ తమ్ముణ్ణి తీసుకెళ్లండి. మీరొక్కరే వెళ్లకండి. ఒక్కరే వెళ్లి వస్తే అది మళ్లీ "అక్క చదివొచ్చిన మాట" అవుతుంది.

ఇక దారులు చూద్దాం.

కొలతల్లో మీ నేల ఇంకా బాగా ఎత్తునే ఉందని తేలితే, ఒకసారి తిరిగి నాటడం తప్పేమీ కాదు. అయితే తమ్ముడు అనుకున్న పద్ధతిలో కాదు. కాలువలను లోతు చేయడం బదులు వాటికి మెట్టుమెట్టుగా అడ్డుకట్టలు వేయాలి. ఇసుక బస్తాలతోనో, చెక్కలతోనో, కాలువ మట్టం 20 సెంటీమీటర్లు పడిన చోటల్లా ఒకటి. వానాకాలంలో చెక్కలు తీసి నీరు వదలడం, ఎండాకాలంలో వేసి ఆపడం. నాటే ముందు ఎక్స్‌కవేటర్‌తో నాటు వరసలను తొక్కించి నేలను గట్టిపరచాలి. నేల వదులుగా ఉండబట్టే చెట్లు ఒరుగుతాయి. గుంటలో గుంట తీసి లోతుగా నాటితే మొక్కకు పట్టు దొరుకుతుంది. మధ్యలో మొలిచే ఫెర్న్ లాంటి మెత్తని మొక్కలను గడ్డిమందు కొట్టి చంపకూడదు. అవి నేలకు నీడ. పీట్‌లో పొటాష్, రాగి, జింకు, బోరాన్ కొరవడతాయి కాబట్టి మామూలు ఎరువుల లెక్క సరిపోదు. కొట్టిన చెట్లను తగలబెట్టడం అసలు వద్దు. చట్టప్రకారం నేరం, పైగా పీట్‌లో నిప్పు నేల లోపలికి దిగితే ఎప్పుడు ఎక్కడ లేస్తుందో ఎవరూ చెప్పలేరు. 1997, 2015 సంవత్సరాల్లో ఆగ్నేయాసియా మీద కమ్ముకున్న పొగలో ఎక్కువ భాగం పీట్ నుంచి లేచిందే. మీ ఊళ్లో బడులు మూసిన రోజులు టీచరుగా మీకు గుర్తుండే ఉంటాయి.

ఈ దారిలో నష్టం కూడా ఉంది. నీరు పైకి పెట్టినంత మాత్రాన కుంగడం ఆగదు, నెమ్మదిస్తుంది, అంతే. ఇది ఆ నేలకు బహుశా చివరి పామాయిల్ పంట. మొక్క నాటాక మూడేళ్ల దాకా గెల కోత ఉండదు. ఆ మూడేళ్లు తమ్ముడి ఇల్లు ఎలా గడుస్తుంది? అప్పు వాయిదా ఎవరు కడతారు? అందుకే పదెకరాలూ ఒక్కసారి కొట్టేయకుండా ముందు ఐదెకరాలు తీయడం మంచిదనిపిస్తుంది. మిగతా సగంలో తక్కువైనా గెలలు వస్తూ ఉంటాయి. కొత్త మొక్కల వరసల మధ్య తొలి రెండు మూడేళ్లు అనాస వేసుకోవచ్చు. జొహోర్‌లో పీట్ మీద అనాస సాగు పాతదే, ఆ పులుపు నేలను తట్టుకునే పంట అది. ఏడాదిన్నరలో చేతికి డబ్బు వస్తుంది.

పోటు మట్టానికి నేల దగ్గరగా ఉందని తేలితే తిరిగి నాటమని నేను చెప్పలేను. అప్పు తీరకముందే తోట మునుగుతుంది. అప్పుడు కూడా రెండు మూడు దారులున్నాయి. పంపు పెట్టి ఇంకొన్నాళ్లు లాగడం ఒకటి. కేరళలోని కుట్టనాడులో సముద్రమట్టానికి దిగువన వరి పండిస్తున్నారు. అక్కడ 'కరి' నేలలని పిలిచే నల్లటి పీట్ నేలలు కూడా ఉన్నాయి. కానీ అక్కడ ఒకే గట్టు లోపలి పొలాలను పాడశేఖరం అంటారు, ఒక్కో పాడశేఖరంలో రైతులందరూ కలిసి గట్టు కాపాడుకుంటారు, కలిసి నీరు తోడుకుంటారు. పదెకరాల చుట్టూ ఒంటరిగా గట్టు కట్టి, ఒంటరిగా పంపు నడిపితే వచ్చిందంతా డీజిల్‌కే సరిపోతుంది. పైగా కుట్టనాడు నేర్పే ఇంకో పాఠం ఉంది. తీరప్రాంతపు పీట్ కింద తరచు గంధకం నిండిన బంకమట్టి ఉంటుంది. పీట్ మొత్తం పోయి ఆ మట్టికి గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ నీళ్లలో చేప బతకదు, చేలో పైరు నిలవదు. మీ కడ్డీకి తగిలే బంకమట్టిని కొంచెం పైకి తీసి పరీక్షకు పంపించండి. పీట్ అయిపోయినా కింద మంచి మట్టి ఉందిలే అనే ధీమా మీ ప్రాంతంలో చాలామందికి ఉంటుంది. దాన్ని పరీక్షించకుండా నమ్మవద్దు.

నీటితో పోట్లాడకుండా, నీటిలో పండేదే వేయడం ఇంకో దారి. సాగో తాటి అలాంటి చెట్టు. ఇక్కడి పాఠకుల కోసం ఒక మాట. మనం సగ్గుబియ్యం అనేది సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో కర్రపెండలం నుంచి వస్తుంది. అసలు సాగో ఈ తాటి జాతి చెట్టు బోదెలోని పిండి. నేల తడిగా ఉన్నా పెరుగుతుంది, ఒకసారి నరికితే పక్క పిలకలు లేస్తాయి, కాబట్టి మళ్లీ మళ్లీ నేలను తిరగతోడనక్కరలేదు. నేల నిలవాలంటే ఇంతకంటే మంచి పంట నాకు కనిపించదు. అయితే తొలి కోతకు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు పడుతుంది. మిల్లులు ప్రధానంగా సరవాక్‌లో ముకా చుట్టుపక్కలే ఉన్నాయి. పేరాక్‌లో నరికిన బోదెను ఎవరు కొంటారో ముందు తేల్చుకోకుండా దిగితే తమ్ముడు నవ్వులపాలవుతాడు. ఎకరం, అరెకరం, అదీ ఇప్పటికే ముంపులో ఉన్న మూల వేసి చూడమంటాను. మీ ప్రాంతం కొబ్బరికి పేరు, కానీ అది తీరపు బంకమట్టిలో. లోతు పీట్‌లో కొబ్బరి కూడా ఒరిగిపోతుంది.

మీ అబ్బాయి మాటకు వస్తాను. అతను చెప్పేది నిజం. వాతావరణ మార్పులపై అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం 2013లో ఇచ్చిన లెక్క ప్రకారం, నీరు తీసిన పీట్ మీద పామాయిల్ తోట హెక్టారుకు ఏటా 11 టన్నుల కార్బన్ వదులుతుంది. బొగ్గుపులుసు వాయువుగా చూస్తే 40 టన్నులు. మీ పదెకరాలు అంటే నాలుగు హెక్టార్లు, ఏడాదికి 160 టన్నులు. ఇది చిన్న సంగతి కాదు, అతని బాధలో న్యాయముంది. కానీ మీ ఒక్కరి కాలువలు పూడ్చినంత మాత్రాన మీ నేల తడవదు. నాలుగు పక్కలా లోతు కాలువలున్న తోటల మధ్య మీ నీరు పక్కవాళ్ల కాలువలోకి జారిపోతుంది. నిలిచినా పక్కవాళ్లు ముంపని గొడవకు వస్తారు. వదిలేసిన పొడి పీట్ మీద గడ్డి మొలిచి, ఎండాకాలంలో నిప్పంటుకుంటే ఇప్పటికంటే పెద్ద నష్టం. ఒకసారి బాగా ఎండిపోయిన పీట్ మళ్లీ నీరు పీల్చదు కూడా. పిడికెడు ఎండు పీట్‌ను బకెట్ నీళ్లలో వేయించి మీ అబ్బాయికి చూపండి, తేలుతుంది. నేలను తిరిగి తడపాలంటే ఒకే పెద్ద కాలువ మీద ఉన్న తోటలన్నీ కలవాలి. అతనికి నిజంగా పట్టుదల ఉంటే, సెలవుల్లో వచ్చి ఆ కాలువ మీది ఇరవై కుటుంబాలతో మాట్లాడమనండి. అడ్డుకట్టల విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. మీ పై తోట ఆసామి నీరు వదిలితే మీకు ముంపు, మీరు ఆపితే అతనికి. ఆ కొంటానంటున్న పక్క ఆసామితో అమ్మకం మాట కంటే ముందు కాలువ మాట మాట్లాడండి.

అమ్మడం గురించి. అమ్మగారు వద్దంటున్నారు, ఆ మాటకు బరువుంది. కానీ ఆ దారి పూర్తిగా మూసేయకండి. నేల పోటు మట్టానికి దగ్గరైతే, ఏటా దాని విలువ కూడా మెట్టు మెట్టుగా దిగుతుంది. మీరు ఉత్తరం చివర్లో, "కుంగుతుందని తెలిసి అమ్మడం మోసమా?" అని అడిగారు. దాచి అమ్మితే మోసమే. కొలతల కాగితం ముందు పెట్టి అమ్మితే కాదు. పక్క తోట అతనికి ఆ నేల సంగతి మీకంటే తెలుసు. అతను పెద్ద గట్టు లోపల మీ పదెకరాలనూ కలుపుకుని ఒకే పంపుతో నడపగలడేమో. మీకు పనికిరాని నేల అతనికి ఉపయోగపడవచ్చు. ధర తగ్గుతుంది, కానీ మీరు రాత్రి నిద్రపోతారు.

ఇక సంతకం. ఇందాక ఖర్చు మీరు పెట్టుకోండి అన్నాను. ఎందుకంటే అమ్మా, ఈ విషయంలో మీకు, తమ్ముడికి ఒక పెద్ద తేడా ఉంది. మీకు పెన్షన్ వస్తుంది. కాదనడం మీకు ఖర్చు లేని పని. మీరు కాదన్న ప్రతి నెలా అతను ఒరిగిన చెట్లెక్కి, పడిపోతున్న గెలలతో ఇల్లు నడపాలి, అమ్మను చూసుకోవాలి. "బురదలో దిగేది నేను" అన్న మాట మిమ్మల్ని తిట్టిన మాటగా విన్నారు. నాకు అది అలసిపోయిన మనిషి మాటగా వినిపించింది. ఏళ్ల తరబడి ఆ నేలను పట్టుకుని ఉన్నాడు. తను చేసింది తప్పని అక్క అంటోందని అతను అనుకుంటున్నాడు. నిజానికి అతను చేసిందే అందరూ చేశారు, మీ నాన్నగారితో సహా. 

ఇప్పుడే సంతకం పెడితే ఇంట్లో శాంతి వస్తుంది, కానీ ఎక్స్‌కవేటర్ వచ్చిన వారానికే కొలిచే అవకాశం పోతుంది. లోతుగా తవ్విన కాలువను వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. పెట్టనని మొండికేస్తే అతను పంపకాలు అడుగుతాడు, అడిగే హక్కు అతనికుంది. ఐదైదు ఎకరాలు చేసుకున్నా అతని కాలువ మీ నీటిని కూడా లాగుతుంది కాబట్టి మీ సగం కూడా దిగుతుంది. పంపకం ఈ నేలను కాపాడదు. మూడో దారి, ఆరు నెలల గడువు అడగడం. "వద్దు" అనకండి. "కొలుద్దాం, కొలత ఏం చెబితే దానికి నేను సంతకం పెడతాను" అనండి. ఆ ఆరు నెలలూ గెలల రాబడి తగ్గిన మేరకు ఎంతో కొంత మీరు నెలనెలా పంపండి. అప్పుడు గడువు అడగడానికి మీకు మొహం ఉంటుంది. కొలత అనుకూలంగా వస్తే సంతకం పెట్టే ముందు రెండు విషయాలు కాగితం మీద రాసుకోండి. కాలువ నీటిమట్టం ఎంత ఉంచాలి, మొదట ఎన్ని ఎకరాలు తీయాలి. కొలత ప్రతికూలంగా వస్తే ఆ మాట మీరు చెప్పనక్కరలేదు, సర్వేయరు కాగితమే చెబుతుంది.

నేనైతే ఈ మూడోదే ఎంచుకుంటాను. అయినా మీ తమ్ముడు ఎలాంటివాడో మీకు తెలిసినంత నాకు తెలియదు. మీ మాట అసలు వినే స్థితిలో లేకపోతే అమ్మగారి చేత మొదలుపెట్టించండి. ఒక్కో మెట్టు ఏ సంవత్సరం కట్టారో ఆవిడకు గుర్తుండకపోదు. ఏ పిల్లాడు పుట్టినప్పుడు, ఏ వరద తరువాత, ఎవరి పెళ్లికి ముందు అని చెబుతారు. ఎనిమిది మెట్లకూ సంవత్సరాలు వేసి రాసుకోండి. నేల ఏ కాలంలో ఎక్కువ దిగిందో, కాలువ లోతు చేసిన తరువాత ఎంత దిగిందో అందులోనే బయటపడుతుంది. ఆ లెక్క రాసేటప్పుడు తమ్ముడు పక్కన ఉండాలి. తను తవ్విన కాలువల సంవత్సరాలు అతనికే తెలుసు కదా.

వానాకాలం మొదలయ్యాక పౌర్ణమికో అమావాస్యకో, పెద్ద పోటు వచ్చే రోజు చూసుకుని ఇద్దరూ నది తూము దగ్గరికి వెళ్లండి. అవతల నది నీరు ఎక్కడుందో, ఇవతల మీ కాలువ నీరు ఎక్కడుందో గోడ మీద సుద్దతో రెండు గీతలు పెట్టండి. పాటు మొదలయ్యాక తూము ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో, ఆ కాసేపట్లో మీ కాలువ ఎంత దిగుతుందో కూర్చుని చూడండి. నాకు మళ్లీ ఉత్తరం రాస్తే, ఆ రెండు గీతల మధ్య దూరం రాయండి.